వెబ్‌పేజీ డిజైన్ ప్రోగ్రాం ఎంచుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారాలకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జికైనా, శ్రీకాళహస్తి కలంకారీ దుకాణానికైనా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకైనా వెబ్‌సైటు కావాలనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఏ ప్రోగ్రాంలో చేయాలి? కోడ్ అక్కర్లేదు, మౌస్‌తో లాగి పెడితే చాలు అని చెప్పేవి పదుల సంఖ్యలో ఉన్నాయి. డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. తేడా మూడు చోట్ల బయటపడుతుంది: తెలుగు అక్షరం పెట్టినప్పుడు, చవక ఫోనులో తెరిచినప్పుడు, ఆ ప్రోగ్రాంను వదిలి వెళ్లాలనుకున్నప్పుడు. టెంప్లేటు చూసి ముచ్చటపడేవాళ్లు ఈ మూడింటినీ పట్టించుకోరు.

మూడోదాని గురించి ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాం, ఎందుకంటే ఇలాంటి ప్రోగ్రాములు కొన్ని మధ్యలోనే ఆగిపోతుంటాయి. మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ 2006లో ఆగిపోయింది. దాని బదులు తెచ్చిన ఎక్స్‌ప్రెషన్ వెబ్ కూడా 2012 చివర్లో మూలపడింది. అడోబీ మ్యూజ్‌కు 2020 మార్చితో సపోర్టు ముగిసింది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా వచ్చే చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. ఆ అడ్రసును విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్నవాళ్లకు కార్డులే మిగిలాయి.

కంప్యూటర్ తెరవకముందు

ఒక కాగితం మీద ఈ జవాబులు రాసుకోండి. పేజీలు ఎన్ని? రేట్లు, ఫొటోలు మార్చేది ఎవరు, ఎన్నాళ్లకోసారి? డబ్బు సైటులోనే కట్టించుకుంటారా, ఫోను, వాట్సాప్ చాలా? ఎన్ని భాషలు?

రెండో ప్రశ్నే అసలైనది. రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాడు బ్రహ్మోత్సవాలప్పుడు గది అద్దె మార్చాలంటే అతనికి అర్థమయ్యే ఎడిటర్ కావాలి. ఏడాదికోసారి కూడా మారని సైటుకు అంత హంగు అనవసరం. భాషల విషయం మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకోకూడదు. చిత్తూరుకు ఒకవైపు తమిళనాడు, మరోవైపు కర్ణాటక. తిరుపతికి హిందీ మాట్లాడేవాళ్లు కూడా వస్తారు. తెలుగు, ఇంగ్లీషు, తమిళం, కన్నడం అనుకుంటే 5 పేజీల సైటు 20 పేజీలవుతుంది. బహుభాషా సదుపాయం లేని ప్రోగ్రాంలో ఒక ఫోన్ నంబరు మారితే 20 చోట్ల దిద్దుకోవాలి.

ఉన్నవి మూడు రకాలు

మొదటి రకం పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచేవి: విక్స్, స్క్వేర్‌స్పేస్, వెబ్‌ఫ్లో, ఫ్రేమర్, కార్డ్ (Carrd), గూగుల్ సైట్స్. ఎడిటర్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ చోటు) రెండూ వాళ్లవే. లాగిన్ అయితే పని మొదలు. చందా కట్టేవాటిలో అది ఆగితే సొంత అడ్రసు మీద సైటూ ఆగుతుంది.

రెండో రకం వర్డ్‌ప్రెస్, దాని మీద వేసుకునే విజువల్ ఎడిటర్లు. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే బ్లాక్ ఎడిటర్ (పేరా, ఫొటో, పట్టికలను విడి ముక్కలుగా పేర్చేది) ఉంది. 2022 జనవరిలో వచ్చిన 5.9 నుంచి, బ్లాక్ థీమ్ (సైటు రూపాన్ని ఇచ్చే ప్యాకేజీ) వాడితే, హెడర్, ఫుటర్‌ను (పేజీ పై, కింది పట్టీలను) కూడా బ్లాకులతోనే సర్దుకోవచ్చు. ఎలిమెంటార్, డివీ, డబ్ల్యూపీ బేకరీ లాంటివి పైన అదనంగా వేసుకునే ప్లగిన్లు. హోస్టింగ్ మీరు కొనుక్కోవాలి. అప్‌డేట్లు, బ్యాకప్‌ల బాధ్యతా మీదే.

మూడో రకం మన కంప్యూటర్లో పెట్టుకునేవి: డ్రీమ్‌వీవర్, పైన్‌గ్రో, బూట్‌స్ట్రాప్ స్టూడియో. వీటితో చివరికి చేతికొచ్చేది హెచ్‌టీఎంఎల్ (పేజీలోని మేటరు), సీఎస్‌ఎస్ (రంగులు, సైజులు) ఫైళ్లున్న ఫోల్డరు. దాన్ని ఏ హోస్టింగులోనైనా పెట్టుకోవచ్చు. 1997లో మాక్రోమీడియా తెచ్చిన డ్రీమ్‌వీవర్ ఇప్పటికీ అడోబీ దగ్గర దొరుకుతోంది కానీ కొత్త సదుపాయాలు రావడం దాదాపు ఆగిపోయింది. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పారు కదా అని కొత్త సైటుకు దాని నెలవారీ చందా మొదలుపెట్టడం దండగ.

పరీక్ష పేజీ

ఒక్కో రకం నుంచి ఒకటి కాకుండా, మీ కాగితం మీది జవాబులకు సరిపోయేవి రెండే తీసుకుని, రెండింటిలోనూ ఒకే పేజీ కట్టండి. ఒక పూట చాలు. వర్డ్‌ప్రెస్‌కైతే హోస్టింగ్ కొనక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్లోనే నడుస్తుంది. కాకపోతే సేవ్ చేయకుండా ట్యాబ్ మూసేస్తే పని పోతుంది. మిగతావాటిలో చాలావరకు ఉచిత ప్లానో, ట్రయలో ఉంటుంది.

పేజీలో ఉండాల్సినవి:

1. పెద్ద ఫొటో, దాని మీద తెలుగు శీర్షిక.
2. నాలుగు వాక్యాల తెలుగు పేరా, కింద అదే ఇంగ్లీషులో.
3. మూడు గదుల రేట్ల పట్టిక.
4. ఫోను బటను, వాట్సాప్ బటను.
5. దారి చూపే మ్యాపు.

కట్టాక, ఈ పనిలో మీకేమీ సంబంధం లేని ఇంకొకరిని కూర్చోబెట్టి, "నాన్ ఏసీ గది రేటు మార్చు" అని మాత్రం చెప్పి ఊరుకోండి. అయిదు నిమిషాల్లో మార్చలేకపోతే ఆ ఎడిటర్ మీ దుకాణానికి సరిపడదు. ఆ మార్పు చేస్తూ పక్కనున్న డిజైన్ చెడగొట్టినా అంతే. విక్స్‌లో, వెబ్‌ఫ్లోలో సైటు కట్టడం బాగానే సాగుతుంది. ఇలాంటి చిల్లర మార్పుల దగ్గరే కొత్తవాళ్లు పెట్టెను పక్కకు జరిపేస్తుంటారు.

తెలుగు పరీక్ష

ఇక్కడే ఎక్కువ టెంప్లేట్లు ఓడిపోతాయి. శీర్షికగా "స్త్రీలకు ప్రత్యేక గదులు" అనీ, పేరాలో లక్ష్మీ, మత్స్య, సామర్థ్యం, శ్రీకాళహస్తీశ్వరాలయం అనే మాటలు వచ్చేలా నాలుగు వాక్యాలూ రాసి పెట్టండి. తర్వాత వరసగా చూడండి.

వత్తులు తెగుతున్నాయా? ఇంగ్లీషు టెంప్లేట్లలో శీర్షికకు లైన్ హైట్ (ఒక్కో వరస ఎత్తు) 1 లేదా 1.1 ఉంటుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటింది దాచేసే సెట్టింగ్) ఉంటే "లక్ష్మీ"లోని మ వత్తు అడుగున కోసుకుపోతుంది. శీర్షికకు 1.4, పేరాకు 1.7 చుట్టుపక్కల ఉంటే చదవడానికి హాయిగా ఉంటుంది. ఈ అంకె మార్చుకునే వీలు ఎడిటర్లో ఉందో లేదో చూడండి. గూగుల్ సైట్స్‌లో సొంత సీఎస్‌ఎస్ రాసే అవకాశం లేదు. ఉన్న ఆప్షన్లతోనే సర్దుకోవాలి.

ఫాంటు నిజంగా తెలుగుదేనా? చాలా టెంప్లేట్లలో పాపిన్స్ ఉంటుంది. అందులో తెలుగు అక్షరాలే లేవు. అప్పుడు బ్రౌజరు ఆ పరికరంలో ఏ తెలుగు ఫాంటుంటే దాన్ని వాడుకుంటుంది: విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో ఇంకోటి. మీ ల్యాప్‌టాప్‌లో కుదిరిన శీర్షిక కస్టమర్ ఫోనులో రెండు వరసలవడానికి ఇదే కారణం. తెలుగు ఫాంటును పేరుపెట్టి ఎంచుకునే వీలు ఉండాలి. వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ ఉంది. గూగుల్ ఫాంట్లను అక్కణ్నుంచే మీ సైటులోకి దించుకోవచ్చు.

పేరాకు నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు లాంటివి తీసుకోండి. వీటిలో సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ ఉన్నాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, ధూర్జటి లాంటివి ఒకే మందంలో వస్తాయి. వాటికి బోల్డ్ కొడితే బ్రౌజరే అక్షరాన్ని అలికి లావు చేస్తుంది, "ఘ", "ఝ" లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. శ్రీకాళహస్తి దుకాణం శీర్షికకు ధూర్జటి పేరున్న ఫాంటు పెట్టుకోవాలని ముచ్చటగా ఉండొచ్చు. పెట్టండి, బోల్డ్ మాత్రం తీసేయండి.

యానిమేషన్ పెడితే అక్షరం విడిపోతోందా? అక్షరం తర్వాత అక్షరం తేలి వచ్చే ఎఫెక్టులు మాటను ముక్కలు చేసి చూపిస్తాయి. "శ్రీ" అనేది కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలు. అలా విడదీస్తే తెర మీద వచ్చేది శ్రీ కాదు, చుక్కల వలయాలు. ఇలాంటి చోట మాట మొత్తం ఒకేసారి కదిలే ఎఫెక్టు ఎంచుకోవాలి, లేదా యానిమేషనే మానుకోవాలి.

జస్టిఫై (రెండు అంచులూ సమంగా సర్దడం) కూడా తీసేయండి. ఫోను వెడల్పులో తెలుగు మాటలు పొడవు కాబట్టి మధ్యలో పెద్ద పెద్ద సందులు వస్తాయి. "శ్రీకాళహస్తీశ్వరాలయం" 360 పిక్సెళ్ల తెరలో పెద్ద శీర్షికగా పెడితే అంచు దాటి బయటికి పోతుంది. ఫోనుకు విడిగా శీర్షిక సైజు తగ్గించుకునే వీలు తప్పనిసరి.

ఇక మేటరు. ప్రెస్సులో కరపత్రం చేయించినప్పటి ఫైలు తెచ్చి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కాకపోవడమే కారణం. తప్పు ఎడిటర్‌ది కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, దీర్ఘాలు ఒకసారి చదివి సరిచూసుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని కరపత్రాన్నే ఫొటోగా పెట్టేవాళ్లున్నారు. ఫోనులో అది చదవలేరు, గూగుల్ సెర్చ్‌కు అందులో ఏముందో సరిగ్గా అందదు, రేటు మారితే మళ్లీ ప్రెస్సుకే వెళ్లాలి.

పేజీ అడ్రసును మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. ఒక్కో తెలుగు అక్షర ముక్క అడ్రసులో 9 గుర్తులుగా మారుతుంది. "తిరుపతి" అనే ఒక్క మాటకే 63. వర్డ్‌ప్రెస్ అడ్రసు ముక్కకు 200 గుర్తుల పరిమితి ఉంది కాబట్టి పొడవైన తెలుగు శీర్షిక మధ్యలోనే తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే నాలుగు వరసల చెత్తలా కనపడుతుంది.

బయటికొచ్చే దారి

లీజుకు తీసుకున్న అంగడిలో సొంత డబ్బుతో గోడలు కట్టించుకునేముందు అగ్రిమెంటు చదువుకుంటాం కదా, ఇక్కడ చదవాల్సిన అగ్రిమెంటు ఎక్స్‌పోర్ట్ మెనూ, అంటే సైటును బయటికి తీసే చోటు. ట్రయల్ రోజుల్లోనే దాన్ని నొక్కి చూడాలి.

విక్స్‌లో కట్టిన సైటును బయటికి తీసి మరో హోస్టింగులో పెట్టలేరు. ఫ్రేమర్‌దీ అదే దారి. గూగుల్ సైట్స్ నుంచి మారడమంటే ఆచరణలో మళ్లీ కట్టుకోవడమే. స్క్వేర్‌స్పేస్ కొంత భాగాన్ని వర్డ్‌ప్రెస్‌కు పనికొచ్చే ఫైలుగా ఇస్తుంది, డిజైన్ రాదు. వెబ్‌ఫ్లో పెయిడ్ వర్క్‌స్పేస్ ప్లాన్లలో కోడ్ దించుకోనిస్తుంది. దించిన కోడ్‌లో ఫారాలు పనిచేయవు, సీఎంఎస్ పేజీలు (డేటా నుంచి తయారయ్యేవి) ఖాళీగా వస్తాయి. ఫారం నింపి పంపిన విచారణలు ఎటో పోతున్నాయని తెలిసేసరికి సీజన్ అయిపోతుంది.

వర్డ్‌ప్రెస్‌లో అంతా మనదే అని ధీమాగా ఉంటారు గానీ అక్కడా తిరకాసుంది. బ్లాక్ ఎడిటర్లో రాసిన మేటరు మామూలు హెచ్‌టీఎంఎల్‌గానే ఉంటుంది, థీమ్ మారినా చదవగలరు. ఎలిమెంటార్ తీసేస్తే మాటలు, ఫొటోలు నిలుస్తాయి, అమరిక పోతుంది. డబ్ల్యూపీ బేకరీ, పాత డివీ తీసేస్తే పేజీ నిండా చదరపు బ్రాకెట్లలో షార్ట్‌కోడ్ ముక్కలు తేలతాయి. నమ్మకం కుదరకపోతే పరీక్ష సైటులో ఆ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి పేజీ తెరవండి. పది సెకన్లలో తెలిసిపోతుంది.

వర్డ్‌ప్రెస్ టూల్స్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌ను బ్యాకప్ అనుకోవద్దు. అందులో మేటరు ఉంటుంది, ఫొటోల ఫైళ్లు ఉండవు, వాటి అడ్రసులే ఉంటాయి. పాత హోస్టింగ్ మూసేశాక ఆ అడ్రసులకు విలువ లేదు. అసలు బ్యాకప్ అంటే డేటాబేసూ, డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డరూ, రెండూ.

పైన్‌గ్రో ఈ విషయంలో అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది: అది మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లనే తెరిచి, వాటినే మార్చి సేవ్ చేస్తుంది. బూట్‌స్ట్రాప్ స్టూడియోకు సొంత ఫైలు రకం ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డరుతో పాటు ఆ ఒరిజినల్ ఫైలు కూడా దాచుకోకపోతే తర్వాత ఎడిట్ చేయడం కష్టం. డిజైనర్‌కు డబ్బు ఇచ్చేముందు ఈ ఫైలు అడిగి తీసుకోండి.

ఫోనులో, నెమ్మది నెట్‌లో

ఎడిటర్ చూపించే ఫోను ప్రివ్యూ సరిపోదు. ఒక సాధారణ ఆండ్రాయిడ్ ఫోనులో, వైఫై తీసేసి తెరవండి. యాత్రికులు మీ సైటు చూసేది రైలు దిగుతూ, బస్టాండులో కిక్కిరిసిన జనం మధ్య.

విక్స్ పాత ఎడిటర్లో ఫోను అమరికను విడిగా సర్దుకోవాలి. కంప్యూటర్ వైపు పేరా పెంచితే ఫోనులో అది కింది బటను మీదికి రావచ్చు. ఎలిమెంటార్‌లో పాత పద్ధతి సెక్షన్, కాలమ్; కొత్తది కంటైనర్. కొత్త సైటుకు కంటైనరే వాడండి, లేకపోతే పెట్టెలో పెట్టె, అందులో పెట్టె పేరుకుని పేజీ బరువెక్కుతుంది.

తర్వాత గూగుల్ వేగ పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రసు ఇచ్చి మొబైల్ ఫలితం చూడండి. ప్రధాన దృశ్యం 2.5 సెకన్లలోపు రావాలి, నొక్కితే స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి, తెరుచుకునేటప్పుడు అమరిక కదలిక స్కోరు 0.1 దాటకూడదు. దాటిందంటే అనుమానితులు సాధారణంగా ముగ్గురే: పై భాగంలో తిరిగే స్లైడరు, నేరుగా ఫోను నుంచి ఎక్కించిన 4 ఎంబీ ఫొటోలు, పేజీలో పొదిగిన గూగుల్ మ్యాపు. స్లైడరు తీసేసి ఒక ఫొటో ఉంచండి. ఫొటోను 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, వెబ్‌పీ (తక్కువ బరువు ఫొటో ఫైలు) రకంలో 200 కేబీలోపు తెచ్చుకోండి. మ్యాపు బదులు దాని చిన్న బొమ్మ పెట్టి, నొక్కితే మ్యాపు తెరుచుకునేలా లింకు ఇవ్వండి.

వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, నంబరు మొదట్లో సున్నా, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఇవి తప్పితే బటను పనిచేయకపోవచ్చు.

డబ్బు లెక్క

ప్రకటనలో కనపడే నెల ధరను పక్కన పెట్టి మూడేళ్ల మొత్తం లెక్క కట్టండి: డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్, ఎడిటర్ చందా, పెయిడ్ ప్లగిన్లు. మొదటి ఏడాది రాయితీ ధర కాకుండా రెన్యువల్ ధర వేసుకోవాలి. 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూసుకోండి. డాలర్లలో చందా అయితే బ్యాంకు మారకం చార్జీ కూడా ఉంటుంది, కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉండాలి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చందాలో ఒక్కో విడత 15,000 రూపాయలు దాటితే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. మూడేళ్ల ప్లాను ఒకేసారి తీసుకున్నవాళ్లకు ఆ ఓటీపీ పాత సిమ్‌కు పోయి, రెన్యువల్ ఆగి, సైటు మాయం కావచ్చు.

ఎలిమెంటార్ ప్రో చందా ఆపితే సైటు కనపడుతూనే ఉంటుంది, అప్‌డేట్లు ఆగుతాయి. విక్స్ చందా ఆపితే సొంత డొమైన్ మీద సైటు రాదు. రెండూ "చందా ఆపడమే" అయినా ఫలితం వేరు.

ఎవరికి ఏది

కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు వేసే ట్యాక్సీకి గూగుల్ సైట్స్ చాలు. ఒక పేజీ, రేట్లు, ఫోను బటను. వదిలి రావాల్సి వచ్చినా మళ్లీ కట్టుకోవడం ఒక సాయంత్రం పని.

నాలుగు భాషలు కావాల్సిన లాడ్జికి వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్, తేలికపాటి థీమ్, బహుభాషలకు పాలీల్యాంగ్ ప్లగిన్. ఎలిమెంటార్ అవసరం అనిపించేది డెమో చూసినప్పుడే. రేట్ల పట్టికకూ ఫొటోలకూ బ్లాకులు సరిపోతాయి. ఒక హెచ్చరిక: దర్శనం టికెట్ల కోసం టీటీడీ అధికారిక సైటుకు లింకు మాత్రమే ఇవ్వండి. టెంప్లేటులో ఖాళీ ఉంది కదా అని దేవస్థానం లోగో పెట్టడం, "దర్శనం బుకింగ్" అని బటను పెట్టడం చేస్తే నకిలీ సైట్ల జాబితాలో పడతారు.

కలంకారీ అమ్మేవాళ్లకు వర్డ్‌ప్రెస్, అమ్మకాల ప్లగిన్ వూకామర్స్. ఎడిటర్ ఏదైనా ఫొటోలను ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌కు ప్రామాణికమైన) రంగుల్లో సేవ్ చేయాలి, లేకపోతే కలంకారీ పసుపు, ఎరుపు కస్టమర్ తెర మీద వేరే రంగులవుతాయి, చీర తిరిగొస్తుంది.

విదేశీ కొనుగోలుదారులకు చూపించే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సైటు ఏడాదికోసారి మారితే ఎక్కువ. పైన్‌గ్రోలోనో, బూట్‌స్ట్రాప్ స్టూడియోలోనో చేయించి ఫైళ్లు దగ్గర పెట్టుకోండి. అప్‌డేట్ల గొడవ లేదు, హ్యాక్ అయ్యే భయం తక్కువ. తోతాపురి గుజ్జు బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లశాతం, ప్యాకింగ్ వివరాలు పీడీఎఫ్‌లో మాత్రమే కాక పేజీలోనూ రాయించండి; కొనేవాళ్లు వెతికేది ఆ మాటలతోనే. విచారణ ఫారానికి మాత్రం బయటి సేవ ఒకటి తగిలించాలి.

వెబ్‌ఫ్లోను డిజైన్ వృత్తిగా నేర్చుకునేవాళ్లకు చెబుతాం. ఫ్లెక్స్‌బాక్స్, క్లాసులు లాంటి సీఎస్‌ఎస్ పద్ధతులు అర్థం కానివాళ్లు దాంట్లో దిగితే తేలరు, అర్థమైనవాళ్లకు అంత పదునైన ఎడిటర్ ఇంకోటి దొరకదు.

ఎంచుకున్న రోజు చేయాల్సినవి

డొమైన్‌ను విడిగా, మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో కొనండి. ఎడిటర్ కంపెనీ మొదటి ఏడాది ఉచితంగా ఇస్తానన్నా, డిజైనర్ "నా అకౌంట్లో కొంటాలెండి సార్" అన్నా వద్దనండి. డొమైన్ చేతిలో ఉంటే సైటు ఎక్కడికి మారినా అడ్రసు అదే ఉంటుంది.

హోస్టింగ్, ఎడిటర్, డొమైన్ మూడింటికీ యజమాని అకౌంటు మీదే ఉంచుకుని, డిజైనర్‌కు విడిగా యూజర్ ఇవ్వండి. పని అయ్యాక ఆ యూజర్‌ను తీసేయండి. మొదటి బ్యాకప్‌ను దించుకుని, దాన్ని ఇంకో చోట తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

పాత సైటు ఉండి కొత్త ప్రోగ్రాంలోకి మారుతుంటే, పాత పేజీల అడ్రసులన్నీ ముందే ఒక షీటులో రాసుకుని, ఒక్కోదానికి కొత్త అడ్రసు ఎదురుగా వేసి, 301 రీడైరెక్టులు (పాత అడ్రసు తెరిచినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టించండి. పాత హోస్టింగ్‌ను కొత్తది మొదలైన రోజే రద్దు చేయకుండా ఇంకో నెల ఉంచితే, మరిచిపోయిన ఫొటోలు, ఆ హోస్టింగుకే ముడిపడి ఉన్న ఈమెయిళ్లు బయటపడతాయి.